పైడితల్లి దాచిన రంగు కాగితాలు

దుప్పటి కాళ్ళ మీదకి లాక్కో బుజ్జీ. తల ఇటు పెట్టుకో. ఆఁ, ఇప్పుడు విను.

అనగనగా సముద్రం ఒడ్డున ఒక ఊరుండేది. దాని పేరు సిరిరేవు. సముద్రం ఎంత దగ్గరంటే, పెద్ద అల వచ్చిందంటే దాని తుంపర వీధి అరుగుల మీద పడేది. ఆ ఊళ్ళో ఆరేసిన బట్టలు ఒక పట్టాన ఆరేవి కావు. డబ్బాలో ఉప్పు ఎప్పుడు చూసినా చెమ్మగానే ఉండేది.

ఆ ఊళ్ళో ఒక నాటకాల హాలు ఉండేది. వేసవి వచ్చిందంటే చాలు, ఎక్కడెక్కడి నాటకాల వాళ్ళూ అక్కడికి వచ్చేసేవారు. నాటకం ఆడే రోజు పొద్దున్నే జట్కా బండి బయల్దేరేది. ముందు డప్పు, వెనక బండి. బండిలో కూర్చున్నాయన గుప్పిళ్ళతో రంగు కాగితాలు విసిరేవాడు. గులాబీ రంగువి, పసుపువి, ఆకుపచ్చవి. అవి గాల్లో గిరగిరా తిరుగుతూ కిందికి దిగుతుంటే, పిల్లలంతా బండి వెనకాల పరుగో పరుగు!

ఆ కాగితం మీద ఏముండేదనుకున్నావు? పైన నాటకం పేరు, కింద ఒక బొమ్మ. 'రెక్కల గుర్రం' నాటకమైతే మబ్బుల్లో ఎగిరే గుర్రం. 'మొసలి రాజు పెళ్ళి' అయితే, నుదుటికి బాసికం కట్టుకుని, మెడలో దండ వేసుకుని, పళ్ళన్నీ బయటపెట్టి నవ్వే మొసలి. నవ్వకే, నిజంగానే అలాగే ఉండేదిట!

ఆ బొమ్మలన్నీ చేసేది కూర్మయ్య. ఆయన ముందు చెక్క మీద ఉలితో బొమ్మ చెక్కేవాడు. ఆ తర్వాత ఆ చెక్కకి సిరా రాసి కాగితాల మీద అద్దేవాడు. సముద్రం ఒడ్డున ఆయనకో చిన్న పాక ఉండేది. ఆ పాక నిండా చెక్క అచ్చులే. కాగితాలు మాత్రం ఒక్కటీ దాచుకునేవాడు కాదు. "అచ్చు ఉండగా కాగితం ఎందుకు? కావాలంటే మళ్ళీ అద్దుకోవచ్చు" అనేవాడు.

ఇక మన పైడితల్లి సంగతి. అందరూ పైడీ అని పిలిచేవారు. అప్పటికి నీ అంత ఉంటుందేమో. వాళ్ళమ్మ నూకాలు ఆ హాలు ఎదురుగుండా బజ్జీలు వేసేది. సాయంత్రం నాటకానికి వచ్చినవాళ్ళు బజ్జీలు తినకుండా లోపలికి వెళ్ళేవారు కాదు. ఆ బజ్జీలు నూకాలు దేంట్లో కట్టి ఇచ్చేదీ? పొద్దున బండిలోంచి విసిరిన ఆ రంగు కాగితాల్లోనే.

ఒకరోజు పైడి చూస్తుండగానే, వాళ్ళమ్మ రెక్కల గుర్రం మీద నాలుగు బజ్జీలు పెట్టింది. నూనె మెల్లిగా గుర్రం కాళ్ళ దాకా వచ్చింది. తర్వాత పొట్ట దాకా వచ్చింది.

"అమ్మా, గుర్రం మునిగిపోతోందే!" అని పైడి ఒక్క కేక పెట్టింది. కాగితం లాగేసుకుంది. బజ్జీలు కింద పడ్డాయి.

నూకాలుకి ఒళ్ళు మండింది. "బజ్జీ తినేవాడికి గుర్రంతో పనేంటే? కాగితాలు నువ్వు పట్టుకుపోతే నేను దేంట్లో కట్టివ్వాలి? దోసిట్లో పెట్టివ్వనా?" అంది.

పైడి ఏడవలేదు. మర్నాడు పొద్దున్నే పెరట్లోకి వెళ్ళి అరిటాకులు కోసింది. ముక్కలు చేసి, తడిగుడ్డతో తుడిచి, బుట్టలో పేర్చి అమ్మ ముందు పెట్టింది. నూకాలు బుట్ట వంక చూసింది, పిల్ల వంక చూసింది. "రోజూ తెస్తావా?" అంది. "రోజూ తెస్తాను" అంది పైడి. అప్పటినించీ నూకాలు బజ్జీలు అరిటాకులో, రంగు కాగితాలు పైడి చేతిలో.

అప్పుడు పైడి ఏం చేసిందంటే, ఒక పాత లెక్కల పుస్తకం తీసుకుంది. అన్నం వార్చిన గంజి చిక్కగా రాసి, ఆ బొమ్మలన్నీ అందులో అంటించేసింది. ఎంత ముచ్చటగా ఉందో! మురిసిపోయి పెట్టె అడుక్కి తోసేసింది.

వానలు వచ్చాయి, పోయాయి. ఆ తర్వాత పుస్తకం తీసి చూస్తే ఏముంది? బొమ్మల నిండా జల్లెడ చిల్లులు! వెండిలా మెరిసే సన్నటి పురుగులు జరజరా పాకుతూ పారిపోయాయి. పైడి పుస్తకం గుండెలకి హత్తుకుని భోరుమంది.

గుడి పూజారి గారి భార్య ఆండాళమ్మ గారు ఆ ఏడుపు విని బయటికొచ్చింది. వాళ్ళింట్లో తాతల నాటి తాటాకు పుస్తకాలు ఉండేవి. ఒక్కదానికీ పురుగు పట్టలేదు.

"దేంతో అంటించావే?" అని అడిగింది.

"గంజితో అమ్మగారూ."

"ఇంకేం, పురుగుల్ని పిలిచి విస్తరి వేసి వడ్డించావన్నమాట!" అంది ఆవిడ. ఆవిడే పైడి ముక్కు తుడిచి, లోపలికి వెళ్ళి, ఒక గుడ్డముక్కలో ఎండిన వస కొమ్ములు కట్టి తెచ్చి ఇచ్చింది. "ఈ వాసన పురుగులకి పడదు. పక్కన పెట్టుకో. దేన్నీ దేనికీ అంటించకు. విడివిడిగా ఉంచు" అంది.

సరే, మళ్ళీ వేసవి వచ్చింది. మళ్ళీ కాగితాలు వచ్చాయి. ఈసారి పైడి గంజి జోలికి పోలేదు. కానీ ఈ పిల్లకి ఇంకో భయం పట్టుకుంది. సముద్రపు గాలి తగిలితే పాడైపోతాయేమోనని, కాగితాలన్నిటినీ మైనపు గుడ్డలో చుట్టింది. తాడుతో బిగించి కట్టేసింది. చీమ దూరడానికి కూడా సందు లేదు. వానాకాలం అయ్యాక విప్పితే గుప్పుమని ముక్కిన వాసన. కాగితాల మీద నల్లటి బూజు మచ్చలు!

కంగారులో ఏం చేస్తోందో కూడా చూసుకోలేదు. అన్నీ పట్టుకెళ్ళి మిట్టమధ్యాహ్నం ఎండలో ఆరేసింది. సాయంత్రం వెళ్ళి చూస్తే బూజు ఎండింది కానీ, గులాబీ రంగు వెలిసిపోయి సున్నంలా అయింది. కాగితాలు వంకర్లు తిరిగి, ముట్టుకుంటే అప్పడాల్లా విరిగాయి.

ఆ రోజు పైడి అన్నం తినలేదు. నూకాలు పిండి కలుపుతూ కలుపుతూ కూతురి వంక చూసింది.

"ఏం చేసినా పాడైపోతున్నాయే అమ్మా" అంది పైడి.

"నువ్వు చంటిపిల్లప్పుడు నిన్నెలా పెంచాననుకున్నావు?" అంది నూకాలు. "గాలాడకుండా చుట్టేస్తే ఉక్కిరిబిక్కిరి అయ్యేదానివి. ఎండలో పడుకోబెడితే కందిపోయేదానివి. నీడలో, గాలి తగిలే చోట, మెత్తటి నూలు గుడ్డలో పడుకోబెట్టాను. నీ కాగితాలు కూడా పసివాళ్ళే అనుకో."

చూశావా, బజ్జీలు వేసే అమ్మే దారి చెప్పింది.

ఆ తర్వాత పైడి తప్పు చెయ్యలేదు. ఒక చెక్క పెట్టె సంపాదించింది. నేల చెమ్మ తగలకుండా దాన్ని ఇటుకల మీద నిలబెట్టింది. గోడకి ఆనించకుండా ఇవతలికి జరిపింది. కాగితాన్ని మడత పెట్టకుండా, బొమ్మకీ బొమ్మకీ మధ్య తెల్ల కాగితం పరిచి, ఉతికిన నూలు గుడ్డ కప్పింది. మూలల్లో వస కొమ్ములు పెట్టింది. వానలు వెళ్ళిన ప్రతిసారీ వరండా నీడలో కాగితాలకి గాలి తగలనిచ్చేది. ముట్టుకునే ముందు నూనె చేతులు సున్నిపిండితో రుద్ది రుద్ది కడుక్కునేది.

ఊళ్ళో వాళ్ళు 'కాగితాల పైడి' అని పేరు పెట్టేశారు. పక్కింటి సన్యాసమ్మైతే, "అందరూ నగలు దాచుకుంటారు, ఇదేమో చెత్త దాచుకుంటోంది" అని పకపకా నవ్వేది. పైడి కూడా నవ్వేసేది. పెట్టె మాత్రం వదల్లేదు.

ఏళ్ళు గడిచాయి. పైడి పెద్దదయింది. బజ్జీల బాణలి ముందు ఇప్పుడు పైడి కూర్చుంటోంది. నూకాలు జుట్టు తెల్లబడింది. కూర్మయ్య వంగిపోయాడు, అయినా ప్రతి వేసవికీ కొత్త బొమ్మలు చెక్కుతూనే ఉన్నాడు. పెట్టె నిండింది. దాని పక్కన ఇంకో పెట్టె వచ్చింది.

ఒక ఏడు కార్తీక మాసంలో తుఫాను వచ్చింది. అబ్బ, అలాంటి ఇలాంటి తుఫాను కాదు! గాలి హోరుకి మనిషి మాట మనిషికి వినబడలేదు. సముద్రం లేచి వీధుల్లోకి వచ్చేసింది. ఊరంతా పిల్లల్ని చంకనేసుకుని నాటకాల హాల్లోకి చేరింది. అది పాతకాలపు కట్టడం, రాయిలా నిలబడింది. దేవుడి దయవల్ల ఒక్క ప్రాణం కూడా పోలేదు.

గాలి తగ్గాక అందరూ బయటికి వచ్చారు. కూర్మయ్య తన పాక దగ్గరికి వెళ్ళాడు. అక్కడ పాక లేదు. అచ్చులు లేవు. ఉత్త ఇసుక. ఆయన ఒడ్డంతా వెతికాడు. ఒక్క చెక్కముక్కైనా దొరకలేదు. అన్నీ సముద్రం పట్టుకుపోయింది.

పైడి వెళ్ళేసరికి ఇసుకలో కూర్చుని ఉన్నాడు. "బాబాయ్, లే, జావ తాగుదువుగాని" అంది.

"నా చేతులతో చేసింది ఒక్కటి కూడా మిగల్లేదమ్మా" అన్నాడాయన. "దారి బాగవ్వగానే మా చెల్లెలి ఊరు వెళ్ళిపోతాను. ఇంక ఉలి పట్టను."

అప్పుడు గుర్తొచ్చింది పైడికి. మరి నా పెట్టెల్లోవి? పరుగెత్తుకుంటూ ఇంటికి వెళ్ళింది.

ఇంటి పైన పెంకులు లేవు. ఇటుకల మీద ఉండబట్టి పెట్టెల్లోకి సముద్రపు నీళ్ళు రాలేదు. కానీ పైనించి వాన మాత్రం మూత సందుల్లోంచి దిగిపోయింది. మూత తీస్తే కాగితాలన్నీ ఒకదానికొకటి అతుక్కుని, నానబెట్టిన అటుకుల ముద్దలా ఉన్నాయి. ఒక మూల పట్టుకుని లాగబోయింది. పుసుక్కుమని చిరిగింది. పైడి టక్కున చెయ్యి తీసేసింది.

సన్యాసమ్మ గుమ్మంలోంచి తొంగి చూసింది. ఆవిడ ఇల్లూ పోయింది పాపం. "పారెయ్యవే పైడీ. మనమే ముద్దయిపోతే కాగితాలు ఒక లెక్కా?" అంది.

ఇప్పుడు చెప్పు, నువ్వైతే ఏం చేస్తావు? పారేస్తావా? పైడీ పారెయ్యలేదు. ఇలాగే ఉంచితే ఒకటి రెండు రోజుల్లో బూజు పట్టేస్తుందని తెలుసు. లాగితే చిరిగిపోతుందనీ తెలుసు. పెట్టె పక్కన చతికిలబడి ఆలోచించింది. నీళ్ళ వల్ల అతుక్కున్నదాన్ని మళ్ళీ నీళ్ళే విడదీస్తాయేమో అనుకుంది.

బావుల్లో ఉప్పునీళ్ళు కలిసిపోయాయి కదా, అందుకని వాన నీళ్ళు పట్టిన గంగాళం హాల్లోకి తెచ్చింది. పెట్టెలు కూడా అక్కడికే మోయించింది. కాగితాల ముద్దని రెండు చేతులతో ఎత్తి, పసిబిడ్డకి లాల పోసినట్టు అందులోకి దించింది. ఊరికే చూస్తూ కూర్చుంది. కాసేపటికి పై కాగితం అంచు మెల్లిగా కదిలింది. ఇంకాసేపటికి తేలింది. అప్పుడు పైడి దాని కిందికి లేత అరిటాకు ముక్క పోనిచ్చి, ఆకుతో సహా పైకి ఎత్తింది. చిరగకుండా వచ్చేసింది! బాసికం కట్టుకున్న మొసలి రాజు, పళ్ళన్నీ బయటపెట్టి!

"వచ్చిందే!" అని నూకాలు అరిచింది. ఆ ముసలి చేతులతో మూట విప్పి, తనకి మిగిలిన రెండు నూలు చీరల్లో ఒకటి నేల మీద పరిచింది. "దీని మీద పెట్టు."

ఆ తర్వాత సన్యాసమ్మ వచ్చింది. తన చీర కూడా తెచ్చి పక్కన పరిచింది. ఆ తర్వాత హాల్లో ఉన్న ఆడవాళ్ళంతా లేచారు. పాత పంచెలు, దుప్పట్లు, తువ్వాళ్ళు, ఎవరి దగ్గర ఏముంటే అది తెచ్చి పరిచారు. గులాబీ కాగితం రంగు దిగి పసుపుదానికి అంటకుండా, పైడి ఏ రంగుకి ఆ రంగు వేరు చేయించింది. ఒకళ్ళు నీళ్ళు మారుస్తున్నారు, ఒకళ్ళు ఆకులు కోస్తున్నారు, ఒకళ్ళు విసనకర్రతో విసురుతున్నారు. "ఎండలోకి వద్దు, నీడలోనే!" అని పైడి హాలంతా తిరుగుతూ చెప్తోంది.

ఒక్కొక్క బొమ్మ బయటికి వస్తుంటే, ఇళ్ళు పోయి దిగాలుగా కూర్చున్నవాళ్ళకి మాటలొచ్చాయి.

"ఇది మా పెళ్ళయిన కొత్తలో చూశాం!"

"ఈ నాటకానికే కదూ పొట్టి పాపయ్య కిరీటం జారి జనంలో పడింది?"

ఎవరో ఆ నాటకంలో పాట ఎత్తుకున్నారు. ఇంకెవరో అందుకున్నారు. తుఫాను తర్వాత ఆ ఊరు నవ్విన మొదటి రోజు అదేనమ్మా.

కాగితాలు సగం ఆరాక గుడ్డల మధ్య పెట్టి, పైన బల్లచెక్కలు బరువు పెట్టారు. పూర్తిగా ఆరాక దండేలు కట్టి, హాలు ఈ చివరి నించి ఆ చివరి దాకా వేలాడదీశారు. కొన్ని చిరిగాయి, కొన్ని మరకలు పడ్డాయి, లేదనను. కానీ బొమ్మ పోయినది మాత్రం ఒక్కటీ లేదు!

అప్పుడు కూర్మయ్యకి కబురు పెట్టారు. ఆయన రాలేదు. నూకాలు వెళ్ళి పిలిచింది. "వచ్చి ఏం చూడాలి వదినా?" అని అటు తిరిగి కూర్చున్నాడు. అప్పటికి దారి బాగయింది. ఆయన మూట కూడా కట్టేసుకున్నాడు. ఇక పైడే వెళ్ళింది. బతిమాలలేదు, ఏమీ లేదు. ఆయన మూట తీసి నెత్తిన పెట్టుకుని, చరచరా హాలు వైపు నడిచింది.

"ఓసి పైడీ, నా మూటే! ఎక్కడికే?" అంటూ ఆయన వెనకాలే వచ్చాడు.

గుమ్మం దాటి తలెత్తాడు. అలాగే నిలబడిపోయాడు.

తన కుర్రతనంలో చెక్కిన రెక్కల గుర్రం. మొసలి రాజు. నీటికోట రాణి. తను ఎప్పుడో మర్చిపోయిన బొమ్మలు కూడా! ఒక్కొక్కదాని దగ్గరికీ వెళ్ళాడు. ముట్టుకోబోయి, చేతులు పంచెకి తుడుచుకున్నాడు.

చివరిదాకా వెళ్ళి వెనక్కి తిరిగాడు. కళ్ళ నిండా నీళ్ళు. పెదాల మీద నవ్వు. "ఇవన్నీ నేనే చేశానా అమ్మా?" అన్నాడు.

"మరెవరు చేశారు బాబాయ్?" అంది పైడి.

అప్పుడు చూడాలి హాలు! చప్పట్లే చప్పట్లు. గొంతులు బొంగురుపోయేలా ఈలలు, కేకలు. బయట సముద్రం చప్పుడు వినబడలేదు.

కూర్మయ్య పైడి నెత్తి మీద మూట దింపాడు. ముడి విప్పాడు. అందులోంచి ఉలి తీశాడు. "ఎవరైనా ఒక మంచి చెక్క ఇవ్వండర్రా" అన్నాడు. ఒకాయన పడిపోయిన తన ఇంటి తలుపు చెక్క తెచ్చి ఇచ్చాడు.

కూర్మయ్య హాలు మెట్ల మీద కూర్చుని చెక్కడం మొదలెట్టాడు. చెక్క మీద ముందు గంగాళం వచ్చింది. అందులోంచి అరిటాకు మీద కాగితం ఎత్తుతున్న మనిషి వచ్చింది. చుట్టూ ఊరు వచ్చింది. కింద ఏవో అక్షరాలు కూడా చెక్కాడు. అచ్చు మీద అక్షరాలు తిరగబడి ఉంటాయి కదా, ఎవరికీ చదవడం రాలేదు.

చెక్కడం అయ్యాక సిరా రాశాడు. ఒక కాగితం పరిచి అరచేత్తో మెల్లిగా అద్దాడు. మెల్లిగా పైకి తీసి పైడి చేతికిచ్చాడు.

పైడి చదివింది. చదివి అమ్మ వైపు తిప్పింది.

"ఏం రాశాడే?" అంది నూకాలు, ఆవిడకి చదువు రాదుగా.

అప్పుడు కూర్మయ్యే ఊరందరికీ వినబడేలా చదివాడు. "బొమ్మలు చెక్కినది కూర్మయ్య. బతికించినది పైడితల్లి."

నూకాలు ఆ కాగితం అందుకుంది. అందుకునే ముందు చేతులు కడుక్కునే వచ్చిందిలే.

ఇప్పటికీ ఆ హాల్లో ఒక చల్లటి గది ఉందిట. గాలి వస్తుంది, ఎండ రాదు. ఎక్కడెక్కడి వాళ్ళో వచ్చి ఆ బొమ్మలు చూసి వెళ్తారట.

ఏవే, కళ్ళు మూతలు పడుతున్నాయా? పడుకో మా తల్లే.

కథ కదిలింది కంచికి,
కాగితమేమో పెట్టెకి,
కునుకు వచ్చె కంటికి,
మనమేమో మనింటికి.